అలాబెల్ మలుపులో రెండు రాళ్ళు

(అలాబెల్ కనుమ దిగే ఘాట్ రోడ్డు. బిష్కెక్ నుంచి పిండి బస్తాలతో ఓష్ పోతున్న ట్రైలర్ లారీ సగం రోడ్డు మీదే ఆగి ఉంది. లోపల ఇద్దరే: బండి నేర్పే సగిన్‌బాయ్, నేర్చుకుంటున్న బురుల్.)

"దిగు."

"దిగను."

"తాళం ఇటిచ్చి దిగమన్నా. బిష్కెక్ పోయే కారు ఏదో ఒకటి వస్తుంది, ఆపి ఎక్కిస్తా. పోయి మళ్ళీ ఆ కుట్టుమిషనే తొక్కుకో."

"బాయికే, ఒక్కసారి నా మాట..."

"బాయికే లేదు గీయికే లేదు! పెద్దన్నా అని పిలవగానే కరిగిపోతా అనుకున్నావా? నేను పక్కనుంచి స్టీరింగ్ పట్టి లాగకపోతే ఈపాటికి ఎక్కడుండేవాళ్ళం? అద్దం దించి కిందికి చూడు. చూడూ!"

"చూశా."

"ఏం కనపడింది?"

"ఏరు."

"ఆఁ, ఏరు. ఇద్దరం అందులో కూచుని పిండి కలుపుకుంటూ ఉండేవాళ్ళం. లారీ నిండా మైదా, కావాల్సినన్ని నీళ్ళు."

"చక్రం కంకర మీదకి కాస్త జరిగింది, అంతే కదా బాయికే."

"అంతేనా? వెనక ట్రైలర్ ఉందని గుర్తుందా అసలు? ముందు చక్రం జానెడు జరిగితే వెనక తోక ఎంత ఊగుతుందో చెప్పలేదా నీకు?"

"చెప్పారు."

"మరి స్టీరింగ్ ఎందుకొదిలావ్?"

"ఊరికే."

"ఊరికే!"

"చెయ్యి తిమ్మిరెక్కింది."

"రెండు చేతులూ ఒకేసారి తిమ్మిరెక్కాయా? కవల పిల్లలా అవి? నా ముందు నాటకాలొద్దు. రెండూ ఎత్తి మొహం మీద రాసుకున్నావు. ఆమీన్ చెప్పావు. కాదను చూద్దాం."

"చెప్పా. అయితే ఏంటి? గోరీ కనపడితే చెప్పరా మనవాళ్ళు? మీరు చెప్పరా?"

"నేను పక్క సీట్లో కూచుని చెబుతా. స్టీరింగ్ పట్టుకుని చెప్పను. మొదటి రోజు బండెక్కగానే నీకేం చెప్పా? గేర్ల గురించి చెప్పానా?"

"లేదు."

"బ్రేకుల గురించి?"

"లేదు. ఆమీన్ గురించి."

"ఏమని?"

"దారి పొడుగునా పోయినవాళ్ళ రాళ్ళుంటాయి, నీ చేతులు స్టీరింగ్ మీదే ఉండాలి, నీ ఆమీన్ కూడా నేనే చెబుతా అని."

"చెప్పానా లేదా? సూసమిర్ మైదానం అంతా, కనపడ్డ ప్రతి గోరీకీ నీదీ నాదీ కలిపి చెప్పానా లేదా? చేతులెత్తీ ఎత్తీ నా రెక్కలు పడిపోయాయి."

"ఇక్కడ చెప్పలేదు."

"ఏంటీ?"

"ఈ మలుపులో మీరు చెప్పలేదు. కిటికీ వైపు తిరిగి కూచున్నారు. చెబుతారేమో, చెబుతారేమో అని చూశా. మీరు తిరగలా. అందుకే నేను ఎత్తా."

"నోట్లో ఎండు పెరుగు కురుత్ ఉండ ఉంది."

"నోట్లో ఉంటే చేతులకేమైంది?"

"ఎదురు ప్రశ్నలా? బండి నేర్చుకోవడానికి వచ్చావా, నన్ను విచారించడానికి వచ్చావా? దిగు ముందు!"

"దిగను. మంచులో టైర్లకి గొలుసులు మగాళ్ళకంటే ముందు కట్టానన్నది ఎవరు? మీరే. ఇంజను బ్రేకు మీద దించడం నీకు పుట్టుకతో వచ్చిందే అన్నారు, మొన్ననే. ఇప్పుడు ఒక్క తప్పుకి మొత్తం పోయిందా?"

"పోయింది. సగిన్‌బాయ్ ఊఁ అంటేనే లారీ ఇస్తా అన్నాడుగా ఓనరు? నేను ఉహూఁ అంటున్నా. ఇంకే మలుపులో చేసినా నాలుగు తిట్లు తిట్టి వదిలేసేవాణ్ణి. ఈ మలుపులో కుదరదు."

"ఈ మలుపులో ఏముంది?"

"నువ్వు చెప్పు ఏముందో! వచ్చిన దారంతా బుద్ధిగా ఉన్నదానివి. ఒక్క రాయికీ వేలు కూడా కదపలా. ఇక్కడికి రాగానే ఏ దెయ్యం పట్టింది?"

"ఏం లేదు."

"చెప్పవా? సరే. అదిగో కారు వస్తోంది. ఆపుతున్నా."

"మా నాన్న."

"ఏంటి?"

"మా నాన్న రాయి. ఈ మలుపులోదే."

"ఏది? పైదా కిందిదా?"

"కిందిది. లారీ బొమ్మ చెక్కింది."

"నువ్వు ఎసెన్‌కుల్ కూతురివా!"

"ఊఁ."

"ఓనరుకి ఇంటిపేరు వేరే చెప్పావే."

"అమ్మ వైపుది చెప్పా. తాగి లోయలోకి పోయినవాడి కూతురికి ఎవడిస్తాడు లారీ? మీరిస్తారా? నేనైనా ఇవ్వను."

"తాగాడని ఎవడు కూశాడు?"

"ఎవడు కుయ్యలేదో అడగండి. బళ్ళో పిల్లలు నన్ను చూసి రెండు చేతులూ మూతి దగ్గర పెట్టి సీసా ఎత్తినట్టు చేసేవాళ్ళు. పెళ్ళి సంబంధం వాళ్ళు కూడా అదే అడిగారు, మీ ఇంట్లో ఆ అలవాటు ఇంకెవరికన్నా ఉందా అని. నేను ఈ దారిలో లారీ నడపాలి బాయికే. ఎసెన్‌కుల్ కూతురు ఆ మలుపులోంచే రోజూ దిగుతోంది అని వాళ్ళందరూ చూడాలి. దానికోసం వచ్చా. కుట్టుమిషను విసుగొచ్చి కాదు."

"తాగలేదు."

"అమ్మ కూడా అదే అనేది."

"మీ అమ్మ అనుకోవడం వేరు. నేను చూశా. తాగలేదు."

"ఏం చూశారు?"

"వదిలెయ్."

"ఏం చూశారు బాయికే?"

"వదిలెయ్యమన్నానా? తాగలేదని చెప్పా కదా, చాలదా?"

"చాలదు! ఇన్నేళ్ళు పడ్డాం ఆ మాట. ఏం చూశారో చెప్పేదాకా నేను దిగను, బండీ కదలదు. వెనక ఎన్ని బళ్ళు ఆగినా సరే. హారన్లు కొట్టనీ."

"నేను కింద నుంచి వస్తున్నా, ఉజ్గెన్ బియ్యం వేసుకుని. మీ నాన్న పైనుంచి దిగుతున్నాడు. మంచి ఎండ. అద్దంలోంచి మనిషి స్పష్టంగా కనపడుతున్నాడు. లైటు కొట్టా, వాడూ కొట్టాడు. నవ్వాడు కూడా. మలుపులోకి వచ్చాడు. రెండు చేతులూ పైకి లేచాయి."

"ఎక్కడికి?"

"మొహం మీదకి."

"ఎందుకు?"

"ఎందుకేంటి ఎందుకు! నువ్వెందుకు ఎత్తావ్ ఇందాక? అప్పుడు కింది రాయి లేదుగా. పైది ఒక్కటే ఉంది. దానికి ఆమీన్ చెప్పాడు. చేతులు గడ్డం దాకా దిగేలోపు బండి రోడ్డు మీద లేదు."

"ఆమీన్ చెప్పడానికి."

"ఆఁ."

"తాగి కాదు. ఆమీన్ చెప్పడానికి పోయాడు మా నాన్న."

"ట్రాఫిక్ వాళ్ళకి చెప్పా. చేతులు రెండూ మొహం దగ్గరికి పోయాయి అన్నా. ఒకడు, అయితే సీసా ఎత్తాడన్నమాట అన్నాడు. కాదు సార్, ఆమీన్ అన్నా. నవ్వారు. ఘాట్లో ఎవడైనా ఆమీన్ కోసం స్టీరింగ్ వదులుతాడా పెద్దాయనా అన్నారు. అన్నవాడు కూడా వదిలే రకమే, నాకు తెలుసు! ఆ సీసా మాటే ఊరంతా పోయింది."

"మాకెందుకు చెప్పలేదు?"

"వచ్చా. వాడు పోయిన నలభయ్యో రోజుకి మీ ఇంటికి వచ్చా, చెబుదామనే."

"వచ్చి?"

"మీ నాయనమ్మ మూకుడు దగ్గర కూచుని పిండి ముక్కలు నూనెలో వేసి బోర్సోక్ వేయిస్తోంది. నా పళ్ళెంలో వేస్తూ అంది: నా కొడుకు ఏ గోరీ దాటినా ఆమీన్ చెప్పకుండా పోలేదు, చిన్నప్పుడు గుర్రం మీద ముందు కూచోబెట్టుకుని నేనే నేర్పా, ఆ పుణ్యమే వాణ్ణి అక్కడ కాస్తుంది అని. నువ్వే చెప్పు, ఆవిడతో ఏమని చెప్పాలి? నువ్వు నేర్పిందే చంపిందమ్మా అనా? గుర్రానికి దారి తెలుసు పిల్లా. లారీకి తెలియదు."

"అందుకని బోర్సోక్ తిని వచ్చేశారు!"

"అరవకు."

"అరుస్తా! నాయనమ్మ పోయి ఎన్నాళ్ళయింది? ఆ తర్వాతైనా నోరు రాలేదా? అమ్మతో చెప్పొచ్చుగా? ఒక్క మాట, ఒక్కటంటే ఒక్క మాట! నేను బడి మానేశాను ఆ సీసా మూలంగా. మీరు ఇదే దారిలో పోతూ వస్తూ, కురుత్ నములుకుంటూ..."

"తిట్టు. ఇంకా తిట్టు."

"తిట్టను. నాకేం ఒరుగుతుంది? ఆ పై రాయి ఎవరిది?"

"ఎవరిదో. పాతది."

"పేరుంటుందిగా."

"పేరు లేకపోతే ఆమీన్ చెప్పరా? మీ నాన్న పేరడిగి చెప్పాడా?"

"గునపం తెచ్చి పెకలించి ఏట్లో పారేస్తా దాన్ని."

"పారేస్తే వాళ్ళ అమ్మ మళ్ళీ తెచ్చి పెడుతుంది. బండి స్టార్ట్ చెయ్."

"ఎందుకు? దిగమన్నారుగా?"

"కింద తేనె అమ్మేవాళ్ళ దగ్గర జాగా ఉంది, అక్కడ తిప్పు. మళ్ళీ పైకి పోతాం. ఇదే మలుపు ఇంకోసారి దిగుతావు. చేతులు కదిలితే కారెక్కిస్తా. కదలకపోతే ఓష్ దాకా నువ్వే."

"మా నాన్న రాయి ముందునుంచి, చేతులు కట్టేసుకున్నట్టు పోవాలా?"

"పోవాలి. వాడికి నేను చెబుతా. ఆ రాళ్ళ పక్కన మూడోది పెట్టించడానికి నేను బండి నేర్పట్లేదు."

(మళ్ళీ అదే ఘాటు, పైనుంచి.)

"గేరు?"

"దించా."

"ఇంజను బ్రేకు?"

"పట్టుకునే ఉంది, వినపడట్లా?"

"వినపడుతోంది. నాకు చెవుడనుకున్నావా? ఎదురుగా?"

"గొర్రెల లారీ. నెమ్మదిగా ఎక్కుతోంది."

"వాడి సంగతి వాడు చూసుకుంటాడు. నీ వైపు తెల్లగీత పట్టుకుని పో. చేతులు?"

"ఉన్నాయి."

"రాళ్ళ వైపు చూడకు."

"చూడట్లేదు. పైది వచ్చేసిందిగా?"

"మాట్లాడకు. తోక చూడు, అద్దంలో తోక చూడు."

"లోపలే ఉంది."

"కిందిది వస్తోంది."

"తెలుసు."

"చేతులు పిల్లా!"

"ఉన్నాయి! ఉన్నాయని చెబుతున్నాగా! మీరు చెప్పండి, మీరు చెప్పండి మా నాన్నకి!"

"చెబుతున్నా. ఎసెన్‌కుల్, నీ కూతురు బండి దించుతోంది చూడు. ఆమీన్."

"దాటామా?"

"దాటాం. ఏడవకు, కళ్ళు మసకేస్తాయి. ఆ చేత్తో కూడా తుడవకు! గుడ్డతో నేను తుడుస్తా ఉండు. ఓనరుకి ఫోన్ చేసి చెబుతాలే."

"ఏమని?"

"ఎసెన్‌కుల్ కూతురికి లారీ ఇవ్వమని. ఆ పేరుతోనే చెబుతా. వాడు ఏమన్నా కూస్తే నాతో మాట్లాడమంటా."

"బాయికే."

"మళ్ళీ ఏంటి?"

"పై రాయికి మీరు చెప్పలేదు."

"రోడ్డు చూడు."

"చూస్తూనే అడుగుతున్నా. ఇందాకా చెప్పలేదు, ఇప్పుడూ చెప్పలేదు. దారంతా ముక్కూ మొహం తెలియనివాళ్ళకి రెక్కలు పడిపోయేలా చెప్పారు. మా నాన్న ప్రాణమే పోగొట్టుకున్నాడు దానికి చెప్పి. మీ రెండు చేతులూ ఖాళీగానే ఉన్నాయిగా. దాని మీద ఎందుకంత కోపం? ఎవరిది బాయికే ఆ రాయి?"

"కెంగెష్‌ది. మా తమ్ముడు. మీ నాన్న పోయిన రోజునుంచి వాడికి నేను ఆమీన్ చెప్పలేదు."