ఎవరు పంపుతారు సార్?

అది కాదండీ, నిన్న సాయంత్రం నించీ నాతో మాటాడకపోతే మానీయండి, కాఫీ ఏటి సేసింది మిమ్మల్ని? సల్లారిపోతంది, తాగండి. నా మీద కోపం నా మీదే ఉంచండి.

ఊఁ. తాగేరు. మంచిదే.

ముప్పై ఒక్క ఏళ్ళు హైస్కూల్లో ఇంగ్లీషు గ్రామరు సెప్పిన సూర్యనారాయణ మాష్టారి పెళ్ళాం, ఏడో తరగతితో బడి మానేసిన దేముడమ్మ, అంత పెద్ద మీటింగులో లేసి ఇంగ్లీషు మాటాడింది. అదీ మీ దగ్గిర కాకండా, మీరు పదో తరగతిలో రెండు సార్లు తప్పించిన పావని దగ్గిర నేర్సుకుని. అదే కదా మీ బాధ?

కాదా? మరి మొహం అలా ఉందేటండీ? సరే, మొదట్నించీ సెప్తాను. సగం ఇని అలిగితే ఎలాగ?

నేర్పమని మిమ్మల్ని అడగలేదంటారు. అడిగేను. పెళ్ళయిన నాలుగో ఏడు. మీరు పలకా బలపం తెచ్చి, "నవున్ అనగా" అని మొదలెట్టేరు. అయిదు రకాలన్నారు. రెండో రకం కాడికి నాకు నిద్దరొచ్చేసింది. మూడో రోజు నేను "ఐ యామ్ గో మార్కెట్" అన్నాను. మీరు నవ్వేరు. ఇంట్లో నవ్వితే నవ్వేరు, మీ సెల్లి పెళ్ళిలో బోజనాల బంతిలో కూకుని అందరికీ సెప్పి మరీ నవ్వించేరు. నేనూ నవ్వేను లెండి. ఆ తర్వాత ఆ బాస జోలికెల్లలేదు.

మరి ఇప్పుడెందుకు ఎల్లేవంటారా? అచ్చియమ్మ భుజం కోసం ఎల్లేను.

నవ్వకండి. మన సంఘంలో పది మందిమి మూడేళ్ళ బట్టీ బెల్లం పొడి సేత్తన్నాం కదా. అచ్చులు రోట్లో ఏసి దంచాలి, జల్లించాలి, ఆరబెట్టాలి, పేకెట్లు కట్టాలి. దంచీ దంచీ అచ్చియమ్మ కుడి సెయ్యి పైకి లేవడం మానేసింది. దాని జడ దాని కూతురు ఏత్తంది. పొడి కొట్టే మిషను ఇత్తామని ఆఫీసోళ్ళు కాయితం పంపి రెండేళ్ళయింది. ఎప్పుడెల్లినా ఇంకో కాయితం ఇచ్చేవోరు, ఇంగ్లీషులో.

అది మీకే తెచ్చి ఇచ్చేను, గుర్తుందా? మీరు కళ్ళజోడు పెట్టుకుని సదివి, "వాక్యం ఎంత శుభ్రంగా ఉందో, పేసివ్ వాయిస్" అన్నారు. మిషను ఎప్పుడొత్తాదండీ అంటే, "అది ఇందులో లేదు" అన్నారు.

ఆ మర్నాడే బెల్లం మార్కెట్టుకెల్తన్నానని మీతో సెప్పి, పావని దగ్గిరికెల్లేను. స్టేషన్ రోడ్డులో సెల్ ఫోన్ల కొట్టు మీద గది. అంతా కంపెనీల్లో ఉద్యోగాలకెల్లే పిల్లలు, మజ్జిన నేను. మాష్టారి గారి భార్యనని తెలిసి పావని లేసి నిలబడిపోయింది. మీరంటే దానికి ఇప్పటికీ భయవేనండి.

నవున్ మాటే ఎత్తలేదు ఆ పిల్ల. "ఆంటీ, మనం రోజూ ఇనే ఇంగ్లీషులో పెద్దగా ఉన్నవి నాలుగైదు రకాల వాక్యాలే. మీరు అచ్చులో పాకం పోత్తారు కదా, అలాగే, మాటలు మారతాయి. ఓ వారం బజార్లో సెవులు పెట్టి ఇని రండి" అంది.

ఇన్నాను. బేంకులో "సర్వర్ ఈజ్ డౌన్." ఆసుపత్రిలో "డాక్టర్ ఈజ్ ఆన్ లీవ్." మన పక్కింటి బేబి మనవరాలు హాసిని, యూకేజీ పిల్ల, "బిస్కట్ ఈజ్ ఫినిష్." ఓహో, ఇవన్నీ ఒకే వాక్యం అనిపించింది. తర్వాత "దేర్ ఈజ్ నో కరెంట్, దేర్ ఈజ్ నో చేంజ్." ఇంకోటి, పని సెప్పే వాక్యం. "ఐ వాంట్ టూ కేజీ", "వి మేక్ పౌడర్." మనకి పని ఆకర్న వత్తాది, ఆళ్ళకి మజ్జిన. అంతే కదండీ తేడా. ఇన్నేళ్ళు నన్ను భయపెట్టింది ఇదా అనుకున్నాను.

ఇంకోటి కూడా సెప్పింది. "గివ్, బ్రింగ్, కమ్" అని పురమాయించే వాక్యంలో ఎవరు సెయ్యాలో సెప్పరట, సెయ్యాల్సిన మనిషి లోపల దాక్కుని ఉంటాదట. నాకు మీ "కాఫీ" గుర్తొచ్చింది. మన ఇంట్లో అన్ని వాక్యాల్లోనూ దాక్కుని ఉన్నది నేనే కదా అనుకుని నవ్వుకున్నాను. పావని ఎందుకు ఆంటీ అంది. ఏం లేదులేమ్మా అన్నాను.

ఇక ఆఫీసు కాయితం తీసి సూపించేను. "ద మెషిన్ విల్ బి సెంట్" అని సదివింది. మిషను పంపబడును.

"ఎవరి సేతమ్మా?" అన్నాను.

"అది రాయక్కర్లేదాంటీ. అందుకే ఆఫీసుల్లో ఈ వాక్యం అంటే అంత ఇష్టం" అంది.

మీరే సెప్పండి, పంపబడును అని మనింట్లో ఎవరైనా అంటారా? అన్నం వండబడును అని నేను మంచం మీద పడుకుంటే, మీరు ఊరుకుంటారా?

అలా రెండు నెలలు ఎల్లేను. నిన్న ఆ మిషన్ల మీదే ఆఫీసోళ్ళ మీటింగు. మీటింగుకి మిమ్మల్ని పిలిసింది నేనే, గొప్పగా సూపించుకుందామనే, దాపరికం ఎందుకు. ఢిల్లీ ఆఫీసరు లేసేడు, ఏదేదో సెప్పి సెప్పి, ఆకర్న "ద మెషిన్స్ విల్ బి సెంట్ సూన్" అన్నాడు. అందరూ సప్పట్లు. అచ్చియమ్మ ఎడం సేత్తో తొడ మీద కొడతంది, రెండో సెయ్యి లేవదు కదా. అది సూసి నేను కూకోలేకపోయేను.

"సార్, హూ విల్ సెండ్?" అన్నాను. "విచ్ డేట్?"

అప్పుడు ఎనక వరసలోంచి ఒక గొంతు, "హూ విల్ సెండ్ దెమ్, అనాలి." అందరూ నవ్వేరు. నాకేటీ అనిపించలేదండీ, ఒట్టు. తప్పు దొరికితే మీ నోరు ఆగదని నాకు తెలీదా?

తర్వాత మన తెలుగు ఆఫీసరు, "మాష్టారే నేర్పేరా అమ్మా?" అని అడిగేడు. నేను "కాదండీ, పావని" అన్నాను. మీరు నన్ను వదిలేసి, సమోసా కూడా ముట్టకండా ఆటో ఎక్కీసేరు. మీ పేరు సెప్పొచ్చు, నిజమే. కానీ ఆ పిల్ల గుమ్మం కాడ నిలబడి ఉందండీ. రెండుసార్లు ఫెయిలైన పిల్ల.

ఇంకో మాటుంది. ఇది ఎవరికీ సెప్పలేదు.

నేనడిగేక ఆ ఢిల్లీ ఆయన నాకేసే సూసి శానాసేపు సెప్పేడు కదా. తెలుగు ఆఫీసరు తర్జుమా సేత్తానని లేత్తే, ఆయన్ని కూకోమన్నారు, ఆవిడికి ఇంగ్లీషొచ్చు కదా అని. నేను "ఓకే సార్, థాంక్యూ సార్" అన్నాను.

ఒక్క ముక్క అర్థమైతే ఒట్టండీ.

అడగడం వచ్చింది నాకు. ఆళ్ళు గబగబా తిరిగి సెప్తే ఇనడం రాలేదు. పావనిని అడుగుదునా, అది నన్ను వాటేసుకుని ఏడిసేసింది. ఆ పిల్లకి ఏ మొహం పెట్టుకుని సెప్పను? అచ్చియమ్మ రాత్రి బట్టీ ఫోను మీద ఫోను, ఏటన్నాడు, ఏటన్నాడు అని. పది గంటలకి అందరూ వత్తారు. మీరు ఎనకనించి అంతా ఇన్నారు.

ఏటన్నాడండీ?

జేబులోనా? రాసుకున్నారా? అంత కోపంలోనూ రాసుకున్నారా?

ఇలా ఇవ్వండి. ఈ గొలుసు రాత నాకేటి తెలుత్తాది, మీరే సదవండి. ఊఁ. ధనరాజ్. స్టోర్సు ఆఫీసరు. వచ్చే నెల ఇరవై మూడు. ఆయనే స్వయంగా పంపుతాడన్నాడా? మళ్ళీ ఒక్కసారి సదవండి.

ఇరవై మూడుకి రాదంటారా? రాకపోవచ్చు లెండి. ఇరవై నాలుగున ఆ ధనరాజ్ దగ్గిరికే ఎల్దాం. మీరూ రండి. నేను అడుగుతాను, ఆయన సెప్పింది మీరు ఇనండి.