సీసాలో ఉన్నదెవరు

ప్రయోగశాలలో కణాలు పెంచే చిన్న గది. పరిశోధన చేసే అమ్మాయి చేతిలో కాగితంతో వచ్చేసరికి, ఏళ్ల తరబడి ఆ కణాలను సాకుతున్న టెక్నీషియన్ అక్క చేతులకు తొడుగులు వేసుకుంటోంది.

"ఆ సీసా ముట్టుకోకక్కా. ఇవి చర్మ క్యాన్సర్ కణాలు కావట."

"నిన్నటిదాకా అవేగా."

"అనుకున్నాం. పరీక్షకు పంపితే లివర్ క్యాన్సర్ కణాలని తేలింది. ఫ్రీజర్లో దాచినవీ అంతే."

"పరీక్షకెందుకు పంపావు? ఎవరడిగారు నిన్ను?"

"మైక్రో ఆర్‌ఎన్‌ఏ పనిచెయ్యక పంపాను. జన్యువు ఫలానా ప్రోటీన్ చెయ్యమని చీటీ పంపుతుందా, ఈ బుల్లి ఆర్‌ఎన్‌ఏ పోయి ఆ చీటీకి అతుక్కుంటుంది. ఇక దాన్నెవరూ చదవరు, ప్రోటీన్ తయారవదు. చర్మానికి రంగిచ్చే కణాల్లోనే ఉండే చీటీని ఆపుదామని ఆరుసార్లు చేశాను. ఆపడానికి అసలు చీటీ ఉంటేగా."

"మన ల్యాబ్ సారుతో అన్నావా?"

"అన్నాను. టీలో బిస్కెట్ ముంచుకుంటూ, 'పాత ప్రయోగం ఫోటోనే మళ్లీ పెట్టి, వ్యాసం సైన్సు పత్రికకు పంపెయ్' అన్నాడు. ఆ తడి చేత్తోనే నా భుజం తట్టాడు. విదిలించుకుని వచ్చేశానక్కా."

"పెద్దాయన. ఏదో అనుంటారు."

"ఏదో ఏంటి? రేపది నమ్మి ఎవరో డాక్టరు ఎవరో రోగి మీద ప్రయోగం చేస్తే? నేను పంపను. ఈ సీసాలన్నీ బ్లీచ్‌లో పారబోసి, తప్పు జరిగిందని పత్రికకు నేనే రాస్తా."

"పారబొయ్యకు."

"ఎందుకు?"

"వద్దన్నానా. ఒక్కటుంచు. ఆ వెనకది."

"ఏదైనా ఒకటే రోత. ఉంచి ఏం చేస్తావు?"

"అవి మా ఆయనవి."

"ఏవి?"

"మడమ మీది క్యాన్సర్ మచ్చ కోసినప్పుడు సారే తెచ్చి పెంచారు. మనిషి పోయి తొమ్మిదేళ్లు. ఇవి మాత్రం పెరుగుతూనే ఉన్నాయి. పొద్దున్నే రావడం, ఎలా ఉన్నారని మైక్రోస్కోపులో చూడడం..."

"అక్కా. నాకెవరూ చెప్పలేదు."

"చెప్పుకునే సంగతా? ఇప్పుడు ఆయన అందులో లేరా?"

"లేరక్కా."

"ఒక్కటి కూడానా?"

"ఒక్క లివర్ కణం పడితే చాలు. వేగంగా పెరిగి అసలువాటిని మిగలనివ్వదు."

"ఎలా పడుతుంది?"

"ఒకరి సీసాలోని ద్రవం తీసి ఇంకొకరికి పోస్తే. చేరిన మొదటి రోజే చెప్తారు, ఆ పని చెయ్యొద్దని. తలుచుకుంటేనే అసహ్యం. ఎవరో తెలియనీ, పేరుతో సహా రాస్తా."

"నా పేరే రాసుకో తల్లీ. ఒకరోజు ఆయనకు ఆహారంగా పోసే ద్రవం నిండుకుంది. తెల్లారేదాకా ఆకలికి ఆగలేరని, పక్కనున్న లివర్ కణాల వాళ్ల సీసాలోంచి రెండు చుక్కలు తీసి పోశాను."