కువో బీష్యా గారు, ఆరు మీటర్ల గాలిపటం, నా భయం

శ్రీమతి కువో బీష్యా గారు 1988 సెప్టెంబరు 5వ తేదీ, సోమవారం ఉదయం ఎనిమిది గంటలకు, చాంగ్‌హ్వా తీరాన ఉన్న మన కరకట్ట కార్యాలయంలో గేట్ల సహాయ పర్యవేక్షకురాలిగా పదవీ బాధ్యతలు స్వీకరించారు. అప్పటికి వారి వయస్సు ఇరవై నాలుగేళ్లు. ఈ జనవరి 16న వారు పదవీ విరమణ చేయనున్న శుభ సందర్భంలో, వారి దగ్గర పని నేర్చుకుని, వారి చేత చీవాట్లు తిని, ఇరవై ఒక్క సంవత్సరాలుగా పక్క బల్ల దగ్గర కూర్చుంటున్న జ్వాంగ్ వెన్‌యీ అనే నన్ను ఈ సంచికకు నాలుగు మాటలు రాయమని డైరెక్టరు గారు ఆదేశించారు. పొగడడం నాకు చేతకాదు గనుక జరిగినదే రాస్తున్నాను.

పోటు రాకముందే గేట్లు దించడం, ఆల్చిప్పల కోసం ఇసుక మేటల మీద దూరం వెళ్లినవారిని సైరన్ మోగించి వెనక్కి రప్పించడం మన విధి. ఆ విధిని వారు ఎంతటి నిష్ఠతో నిర్వర్తించారో 1996 నాటి తుఫాను చూసినవారికి తెలుసు. మోటార్లు లేని ఆ రోజుల్లో మూడో నంబరు గేటు చక్రాన్ని, సహాయం అందేవరకు, రెండు గంటలపాటు వారు ఒంటరిగా పట్టుకుని నిలిచారు. మధ్యలో వదిలితే ఆ చక్రం గిర్రున వెనక్కి తిరిగి మనిషి ఎముకలు విరగ్గొట్టేది. గేటు కిందనుంచి ఉప్పునీరు ఊళ్లలోకి వచ్చేది. 2003లో నేను చేరిన రోజున వారు నాకు నేర్పిన పాఠం కూడా అదే.

"పట్టుకున్నాక వదలకు. దురద పుడితే దురదతోనే ఉండు."

"తుమ్మొస్తే, అక్కా?"

"పట్టుకునే తుమ్ము."

2009లో మోటార్లు వచ్చాయి. 2011లో వారు పర్యవేక్షకురాలిగానూ, 2015లో విభాగాధిపతిగానూ పదోన్నతి పొందారు. అంతవరకు వారి జీవితం అందరి ఉద్యోగ జీవితాల వలెనే సాఫీగా సాగింది.

2016 అక్టోబరులో, ఈశాన్యపు గాలి మొదలైన వారంలో, సైరన్ మోగినా ఒక పెద్దమనిషి ఇసుక మీదనుంచి కదలలేదు. ఆయన లై చున్‌షాన్ గారు, డెబ్బై ఏళ్ల రిటైర్డు బస్సు డ్రైవరు. ఆయన చేతుల్లో రెండు పిడులు, పిడులకు నాలుగు తాళ్లు, ఆ తాళ్ల చివర రెండు పరుపులంత, ఆరు చదరపు మీటర్ల గుడ్డ గాలిపటం; అది మనిషిని ఈడ్చుకుపోయే పవర్ కైటు. ఆయనకు బుద్ధి చెప్పి వస్తానని మేడం కట్ట దిగారు. ఆయన కట్టెక్కి వచ్చారు గానీ, మరునాడు ఆటు వేళకు మేడం మళ్లీ దిగారు. జుట్టంతా రేగి, మోకాళ్ల దాకా బురదతో తిరిగి వచ్చారు.

"తిట్టారా అక్కా?"

"లేదు. పిడులు నా చేతికిచ్చాడు." కుర్చీలో కూలబడి నవ్వారు. "ముప్పై ఏళ్లుగా ఈ గాలి నా చెవిలో అరుస్తోంది, వెన్‌యీ. ఇవాళ అది లాగుతుంటే నేనూ లాగాను. నడుం నొప్పి ఎటు పోయిందో."

పదమూడేళ్లలో వారు అలా నవ్వగా నేను చూడలేదు. వారి వయస్సు అప్పటికి యాభై రెండు. భర్త హుంగ్ తియెన్‌షెంగ్ గారికి మాత్రం గుండెల్లో రాయి పడింది. సముద్రమాత మాజు గుడికి వెళ్లి, అవుననో కాదనో చెప్పే జోడు చెక్కలు వేసి, మా ఆవిడను మాన్పించవా అని అమ్మవారిని అడిగారు. మూడుసార్లు వేస్తే మూడుసార్లూ కాదనే పడింది. ఆయన దిగాలుగా మన కార్యాలయానికి వచ్చి, "అమ్మవారు కూడా ఆవిడ పార్టీయే. నువ్వైనా చెప్పు బాబూ," అన్నారు. చెబుతానని మాటిచ్చాను. ధైర్యం చాలక చెప్పలేదు.

2017 ఫిబ్రవరిలో ఒక ఆదివారం మధ్యాహ్నం, కట్ట మీద నిలబడి నేను చూస్తుండగానే, పెద్ద గాలి కొట్టింది. గాలిపటం ఒక్క ఊపున మేడంను పడగొట్టి, కట్ట అడుగున పేర్చిన సిమెంటు దిమ్మల వైపు బోర్లా ఈడ్చుకుపోయింది. పిడులు వదిలితే చాలు, గాలిపటంలోని గాలి పోయి అది చతికిలబడుతుంది. లై గారు మొదటి రోజు నేర్పే పాఠం అదే. ఆయన పరుగెడుతూ "వదులమ్మా, వదులు," అని అరుస్తూనే ఉన్నారు. మేడం వదలలేదు. నా కాళ్లు కదలలేదు. తాళ్లు ఆల్చిప్పల పెంపకానికి పాతిన గుంజలకు చుట్టుకోబట్టి ఆగింది గానీ, దిమ్మలకూ వారి తలకూ మధ్య నాలుగు బారల దూరమైనా లేదు.

మెడ కింది కాలర్ బోన్ విరిగింది. ఆసుపత్రిలో నేను తల దించుకుని కూర్చుంటే వారే అన్నారు:

"వదలాలని నాకు తెలుసు. నా చేతులకి తెలీలేదు."

ఆ చేతులకు ఏది తెలుసో నాకు తెలుసు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మానేయమని చెబితే వినే మనిషి కారు. మానకపోతే ఆ చేతులు ఇంకోసారి కూడా వదలవు. కాబట్టి చేతులకే నేర్పాలని నిశ్చయించుకున్నాను. ఎముక అతికాక, కార్యాలయంలో ఏ క్షణాన నేను "వదలండి" అన్నా, చేతిలో ఏముంటే అది వారు వదిలేయాలని ఒప్పందం. మన టీ గదిలో గాజు గ్లాసులన్నీ పోయి స్టీలు గ్లాసులు ఎందుకు వచ్చాయని అడిగే కొత్తవారికి ఇదే జవాబు. మొదటి నెలలో పది సార్లంటే తొమ్మిది సార్లు గట్టిగా పట్టుకునేవారు. తర్వాత ఫైళ్లు పడ్డాయి, మధ్యాహ్నపు అన్నం డబ్బా పడింది, ఒకసారి తనిఖీకి వచ్చిన అధికారి గొడుగు పడింది.

శనివారాల్లో గాలిపటం ఎగరేసేటప్పుడు వెనుక నిలబడి వారి నడుం బెల్టు పట్టుకోవడం నా పని. ప్రతి శనివారం ఉదయం నాకు కడుపులో దేవేది. వారు గాలిపటాన్ని అటూ ఇటూ ఊపుతూ, మడమలు ఇసుకలో తన్ని, వెనక్కి వాలి చిన్నపిల్లలా కేరింతలు కొట్టేవారు. నేను వారి భుజం మీదుగా దిమ్మలనే చూసేవాణ్ని.

2018 నవంబరులో అలాంటి గాలే మళ్లీ వచ్చింది. బెల్టు నా వేళ్లలోంచి జారిపోయింది. మేడం మడమలు ఇసుకను దున్నుకుంటూ పోతున్నాయి. అరవాలని నోరు తెరిచాను. ఒక్క అక్షరం రాలేదు.

మేడం రెండు చేతులూ తెరిచారు. గాలిపటం ముడుచుకుని తడి ఇసుక మీద పడింది.

నేను ఇసుక మీద కూర్చుని, నావల్ల కాదక్కా, ధైర్యం ఉన్నవాణ్ని ఎవరినైనా చూసుకోండి అన్నాను.

"ధైర్యం ఉన్నవాడు నాకెందుకోయ్? వాడు గాలిపటాన్ని చూస్తాడు," అన్నారు వారు, చేతుల ఇసుక దులుపుకుంటూ. "నువ్వు భయంతో నన్నే చూస్తుంటావు. లే, ఇంకో గంటలో పోటు."

గత ఆరేళ్లుగా నేను ఒక్క శనివారమైనా మానలేదు. పదవీ విరమణ అయిన మూడోవారంలో మేడం, డెబ్బై ఎనిమిదేళ్ల లై గారితో కలిసి, గాలి ఇంకా గట్టిగా ఉండే పెంఘు దీవులకు వెళుతున్నారు. ఈసారి గాలిపటం ఎనిమిది మీటర్లది. పడవెక్కితే వాంతులయ్యే తియెన్‌షెంగ్ గారు కూడా టిక్కెట్టు తీసుకున్నారు. నా సెలవు దరఖాస్తు డైరెక్టరు గారి బల్ల మీద ఉంది.

అక్కా, తమకు ఆయురారోగ్యాలు కలగాలని ఈ సంచికలో అందరూ రాస్తారు. నేను నా స్వార్థం కొద్దీ కోరుకుంటున్నాను. తమకు తొంభై ఏళ్లు వచ్చేదాకా ప్రతి శనివారం ఉదయం నాకు ఇలాగే కడుపులో దేవాలి. నేను భయపడవలసిన అవసరం లేని శనివారం ఒకటి వస్తుందేమోనన్నదే ఇప్పుడు నా భయమంతా.