సింగరాయకొండలో మాయమైన గూడ్సు బండి

పర్చూరు దాటాక, మిరప చేల మధ్య అంకమ్మరావుకి ఒక తోట ఉంది. తోటలో రెండు గదుల పెంకుటిల్లు, ముందు పొడుగాటి వరండా. కాయ కోతలై, మిరపకాయల గోనె టిక్కీలన్నీ కోల్డ్ స్టోరేజికి వెళ్ళిపోయాక, ఏటా మే నెలలో ఒక ఆదివారం తనకి కావాల్సినవాళ్ళని అక్కడికి పిలుస్తాడు. ముంజలు, మజ్జిగ, మామిడికాయ పప్పు, పొద్దు వాలేదాకా కబుర్లు. ఎవరొచ్చినా రాకపోయినా శేషాచలం మాస్టారు మాత్రం రావాలి.

శేషాచలం ఆ పక్క ఊళ్ళోనే లెక్కలు చెప్పి రిటైరయ్యాడు. కానీ ఈ తోటలో ఆయనకున్న పేరు లెక్కల వల్ల వచ్చింది కాదు, గారడీల వల్ల వచ్చింది. ఆయన నిమ్మకాయ కోస్తే నెత్తురు కారేది. కత్తికి ముందే మందారపువ్వు రుద్ది ఉంచేవాడు. ఆయన రుమాల్లో చుట్టి విరిచిన అగ్గిపుల్ల, విప్పేసరికి నిక్షేపంగా కింద పడేది. విరిగింది రుమాలు అంచులో దాచిన ఇంకో పుల్ల. ఇవి ఎవరైనా చెయ్యగలిగినవే. రూపాయి మాత్రం అలా కాదు. అరచేతిలో ఉన్న రూపాయి మాయమై పక్కవాళ్ళ చెవి వెనక దొరికేది. దానికి మందారపువ్వూ లేదు, రుమాలూ లేదు. వట్టి వేళ్ళ పనితనం.

ఆ వేళ్ళే ఇప్పుడు ఆయన మాట వినడం లేదు. చలికాలంలో కుడిచేతి బొటనవేలు తనంతట తాను కదలడం చూసుకున్నాడు. తర్వాత చెయ్యంతా వణకడం మొదలుపెట్టింది. పెన్షన్ పని ఉందని ఇంట్లో చెప్పి ఒక్కడే గుంటూరు వెళ్ళి నరాల డాక్టరుకి చూపించుకున్నాడు. "ఇది తగ్గేది కాదండీ. త్వరగా ముదరకుండా చూసుకోవడమే," అన్నాడు డాక్టరు. తర్వాత ఏమవుతుందని అడిగాడు శేషాచలం. ముందు చెయ్యి, తర్వాత నడక, కొంతమందికి గొంతు కూడా సన్నబడిపోతుంది, పక్కన కూర్చున్నవాళ్ళకి కూడా మాట వినపడదు అని డాక్టరు చెప్పాడు. అడక్కుండా ఉండాల్సింది అనుకుంటూ బస్సెక్కాడు. మాత్రలు గ్యాసు మాత్రల డబ్బాలో దాచాడు. భార్య రాజరాజేశ్వరికి ఒక్క ముక్క చెప్పలేదు.

ఈ ఏడు తోటకి రానంటే ఎందుకని అడుగుతారు. అందుకని వచ్చాడు. లాల్చీ జేబులో కుడి చెయ్యి దూర్చి, బట్టని గుప్పిట్లో బిగించి పట్టుకుని వరండాలో చాప మీద కూర్చున్నాడు. భోజనం ఒంట్లో బాగాలేదని మానేసి, మజ్జిగ ఎడమచేత్తో తాగాడు.

అందరి భోజనాలూ అయ్యాక అంకమ్మరావు కూతురు అఖిల తన పిల్లలిద్దర్నీ తీసుకొచ్చి ఆయన ముందు కూర్చోబెట్టింది. చాప మీద ఒక రూపాయి బిళ్ళ పెట్టింది.

"మాస్టారూ, మీ గారడీ చూపిస్తానని ఆశపెట్టి తీసుకొచ్చాను. నేను చిన్నప్పుడు చూసింది వీళ్ళూ చూడాలి."

శేషాచలం ఆ రూపాయి వంక చూశాడు. జేబులో చెయ్యి ఇంకా గట్టిగా కొట్టుకుంది.

"రూపాయి మాయం చెయ్యడం ఎంత పనమ్మా," అన్నాడు. "అది ఎవడైనా చేస్తాడు. అసలు సంగతి చెప్తా వినండి. నేను పొదిలిలో పనిచేసే రోజులు. ఒకరోజు మా హెడ్మాస్టరు చేతి గడియారం విప్పి బల్లమీద పెట్టి, శేషాచలం, రూపాయలు కాదయ్యా, దీన్ని మాయం చెయ్యి చూద్దాం అన్నాడు. చేశాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా? గడియారంతో పాటు టైము కూడా పోయింది. మధ్యాహ్నం రెండైంది. ఎంతసేపు చూసినా రెండే. గంట కొట్టే బంట్రోతు సుత్తి ఎత్తినవాడు ఎత్తినట్టే ఉండిపోయాడు."

"మరి సాయంత్రం ఎట్లా అయింది?" అన్నాడు అంకమ్మరావు, తమలపాకుకి సున్నం రాస్తూ.

"నేను గడియారం తిరిగి తెచ్చాకే అయింది. చెప్పనిస్తావా? ఆ కబురు జిల్లా ఆఫీసు దాకా పోయింది. పెద్దాఫీసరు జీపేసుకుని వచ్చాడు. ఏదీ, నా జీపు మాయం చెయ్యి అన్నాడు. ఇంతే, రుమాలు ఒక్కసారి విదిలించా. జీపు లేదు. కానీ లోపల డ్రైవరు నిద్రపోతున్నాడన్న సంగతి నేను చూసుకోలేదు. వాడు కూర్చున్నవాడు కూర్చున్నట్టే గాల్లో ఉన్నాడు. గురక పెడుతున్నాడు. మధ్యమధ్య నిద్రలోనే గేరు మారుస్తున్నాడు."

పిల్లలు పడీపడీ నవ్వారు. అంకమ్మరావు భార్య సుబ్బరావమ్మ ముంజల గిన్నె పక్కన పెట్టి, స్తంభానికి ఆనుకుని వింటోంది. రాజరాజేశ్వరి ఆవిడ పక్కనే కూర్చుని విసనకర్రతో విసురుకుంటోంది. అందరూ తన నోటి వంకే చూస్తున్నారు. జేబు వంక ఎవరూ చూడటం లేదు. కథ ఆగితే చూస్తారు. రూపాయి ఇంకా చాప మీదే ఉంది. ఆపకూడదు అనుకున్నాడు శేషాచలం. చెప్తూనే తన గొంతు తనే వింటున్నాడు, ఎక్కడైనా సన్నబడుతోందా అని.

"ఇదంతా ఒక ఎత్తు. సింగరాయకొండ సంగతి ఒక ఎత్తు. నరసింహస్వామి దర్శనానికి వెళ్తుంటే రైలు గేటు పడింది. గూడ్సు బండి వచ్చి అడ్డంగా ఆగిపోయింది. తల ఎక్కడో, తోక ఎక్కడో తెలీదు. ఎండలో జనం మాడిపోతున్నారు. నాకు జాలేసింది. రుమాలు విదిలించా. బండి లేదు, పట్టాలు మిగిలాయి. జనం హాయిగా దాటి వెళ్ళిపోయారు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? స్టేషన్ మాస్టరు పరిగెత్తుకొచ్చి నా చేతులు పట్టుకున్నాడు. అయ్యా, విజయవాడ నుంచి ఒకటే ఫోన్లు, బండేదంటే ఏం చెప్పను, నా ఉద్యోగం పోతుంది అని ఏడుపు. సరేలే పాపం అని తెచ్చిచ్చా. కానీ తొందరలో ఇంజను మధ్యలో వచ్చింది. సగం పెట్టెలు మద్రాసు వైపు లాగుతున్నాయి, సగం విజయవాడ వైపు."

"ఇది మరీ ఎక్కువైంది మాస్టారూ," అని అఖిల నవ్వింది.

"ఎక్కువైందా? తుఫాను సంగతి వింటే ఏమంటావు? సముద్రంలో తుఫాను పుట్టింది, తెల్లారేసరికి తీరం దాటుతుందని టీవీలో ఒకటే గోల. కళ్ళాల్లో మిరపకాయలు ఎర్రగా పరిచి ఉన్నాయి. వాన పడిందంటే రైతు పని అయిపోయినట్టే. నేను ఒడ్డుకి వెళ్ళి నిలబడ్డా. అది రానే వచ్చింది, తాటిచెట్టంత ఎత్తున. పట్టుకున్నా. నిలువుగా ఒక మడత, అడ్డంగా ఒక మడత. రుమాల్లో పెట్టా. తుఫానుకి కన్నుంటుందంటారే, ఆ కన్ను రుమాల్లోంచి నా వంకే చూస్తోంది."

"ఎట్లా కట్టేశావు తాతా?" అన్నాడు పెద్దపిల్లాడు.

"ఎట్లాగేముంది, నాలుగు చెంగులూ ఇట్లా దగ్గరికి తీసి, ఇట్లా ముడి..."

చెప్పే ఊపులో రెండు చేతులూ పైకి వచ్చేశాయి. ముడి వేస్తున్నట్టు గాల్లో నిలిచాయి. ఎడమ చెయ్యి కదలకుండా ఉంది. కుడి చెయ్యి దడదడలాడుతోంది.

పిల్లలు చప్పట్లు కొట్టారు. "అమ్మా, తుఫాను తన్నుకుంటోంది చూడు," అన్నాడు చిన్నవాడు.

"అవునర్రా, తన్నుకోదూ మరి," అన్నాడు శేషాచలం. చెయ్యి దించాలనుకున్నాడు. దించితే తెలిసిపోతుందేమోనని అలాగే ఉంచాడు.

సుబ్బరావమ్మ స్తంభం దగ్గర్నుంచి ముందుకి వంగింది.

"మాస్టారూ, చెయ్యి ఎన్నాళ్ళ నుంచి ఇట్లా వణుకుతోంది?"

"వణుకేమిటమ్మా, తుఫానుని పట్టుకుంటే..."

"తుఫాను కాదులెండి. మా నాయనకీ ఇట్లాగే బొటనవేలుతో మొదలైంది. చివర్లో ఏం కావాలన్నా కళ్ళతోనే అడిగేవాడు." ఆవిడ గొంతులో ఎగతాళి లేదు. ఉన్నది ఉన్నట్టు అడగడం తప్ప ఆవిడకి ఇంకో రకంగా మాట్లాడటం రాదు. "డాక్టరుకి చూపించారా?"

అంకమ్మరావు ఆకు నమలడం ఆపేశాడు. అఖిల పిల్లల్ని దగ్గరికి లాక్కుంది. శేషాచలం భార్య వైపు చూడలేకపోయాడు. ఆవిడకి ఈ సంగతి ఇలా, పదిమందిలో, పరాయి మనిషి నోటి వెంట తెలియాల్సి వచ్చిందే అని సిగ్గుతో తల వంచుకున్నాడు.

రాజరాజేశ్వరి విసనకర్ర కింద పెట్టింది.

"దీపావళి నుంచి," అంది.

శేషాచలం తలెత్తాడు. దీపావళికి ఆయనకే తెలియదు.

"మతాబా వెలిగిస్తున్నారు. నిప్పు ఒత్తికి అందడం లేదు. అప్పుడు చూశాను," అంది ఆవిడ సుబ్బరావమ్మతో. "ఆయనే చెప్తారని ఊరుకున్నాను. ఒలికితే చిన్నబోతారని కాఫీ సగం గ్లాసే పోస్తున్నాను. గ్యాసు మాత్రల డబ్బాలో ఉన్నవేమిటో మందుల షాపులో అడిగి తెలుసుకున్నాను."

చక్కెర జబ్బు భయంతో కాఫీ తగ్గించిందనుకుంటూ వచ్చాడు శేషాచలం. ఇన్ని నెలలూ ఒకే ఇంట్లో, ఒకరికి తెలియకుండా ఒకరు, ఇద్దరూ అదే మోశారన్నమాట. అది తెలిశాక బరువు కాస్తయినా తగ్గాలి. తగ్గలేదు. ఇంతవరకూ ఇంట్లో ఒక మనిషైనా నిశ్చింతగా నిద్రపోతోందనుకున్నాడు. ఆ ఒక్క ఊరటా పోయింది.

బయట ఖాళీ కళ్ళం మీద గాలి లేచి, మిగిలిన కారం దుమ్ము వరండాలోకి కొట్టింది. ఎవరో తుమ్మారు.

రాజరాజేశ్వరి లేచి వచ్చి ఆయన పక్కన చాప మీద కూర్చుంది.

"చెప్పండి," అంది. "పిల్లలు చూస్తున్నారు. ఆ తర్వాత ఏమైంది?"

శేషాచలం నోరు తెరిచాడు. గొంతు బాగానే ఉంది. కానీ ఆ తర్వాత ఏమైందో ఆయనకి తోచలేదు. ఎంత వెతికినా ఒక్క అబద్ధమూ దొరకలేదు.

చెయ్యి దించి మోకాలి మీద పెట్టుకున్నాడు, అందరి ముందూ. రాజరాజేశ్వరి దాని మీద తన చెయ్యి వేసి అదిమి పట్టుకుంది. ఆవిడ పట్టు కింద కూడా అది ఆగలేదు. ఆవిడ గాజులు సన్నగా మోగడం మొదలుపెట్టాయి.