లియాంగ్ బావ కుర్చీల రాయబారం

కూచో నాయనా, కూచో. అయ్యో, ఆ కుర్చీలో కాదు, జారిపడతావ్. దాని ముందుకాళ్లు ఒక వేలెడు పొట్టి. విరగడమేంటి, కోసినవి. ఎవరంటే ఇంకెవరు, మా లియాంగ్ బావ, నీ పెళ్లానికి తాత. ఈ అద్దె కుర్చీల కొట్టు పెట్టింది ఆయనే. నువ్వు ఇంటికి కొత్తల్లుడివి, ఆయన్ని చూసి ఎరగవు. పొట్టిగా, చెవులు ఇంతింత ఉండేవి. స్వాటో ఊళ్లో పెళ్లయినా చావయినా బల్లలూ కుర్చీలూ ఆయనే తోలేవాడు. తోలడం ఒక ఎత్తు, వేయడం ఒక ఎత్తు. మేనమామని ఎక్కడ కూచోబెట్టాలి, పెద్దవియ్యంకుడికి ఏ పక్క పీట వేయాలి, ఏ కుర్చీ జానెడు జరిపితే ఏ రెండిళ్లు కొట్టుకుచస్తాయి, అంతా ఆయన వేళ్ల మీద ఉండేది. ఓ పెళ్లిలో... సరే, అది వేరే గొడవ. టీ తాగు, చల్లారిపోతోంది.

ఇది యాభై ఏళ్ల కిందటి మాట. అప్పుడు తెల్లవాళ్ల ఓడలొచ్చి మన మగాళ్లని సముద్రం అవతలి చెరుకుతోటల్లోకి పట్టుకుపోయేవి. దళారీలు ఓ గిన్నెడు సేమ్యాలు తినిపించి, 'పక్క ఊళ్లో పనుందిరా' అని తీసుకెళ్లి రేవు దగ్గర కొట్టంలో తోసి గొళ్లెం పెట్టేవాళ్లు. దాన్ని పందులదొడ్డి అనేవాళ్లం. బావకి ఒక బావమరిది, కియాత్ అని. పల్లె నుంచి బాతులు కొనడానికొచ్చి మాయమైపోయాడు. ఆఁ, ఏంటీ? కియాత్ అంటే నువ్వే కదా తాతా అంటావా? ఉండవయ్యా, అక్కడికే వస్తున్నా, తొందరెందుకు. వాణ్ణి దొడ్డివైపు తీసుకెళ్తుంటే చూశామని చేపలమ్మేవాళ్లు చెప్పారు. ఇంక మా అక్క, అంటే బావ పెళ్లాం, వాకిట్లో చీపురు పట్టుకుని నిలబడింది. 'నా తమ్ముణ్ణి తీసుకొస్తే గడప తొక్కు, లేకపోతే ఆ కుర్చీల్లోనే కాపరం చేసుకో' అంది. నిజంగానే మనిషి కొట్లో పడుకున్నాడయ్యా, నాలుగు బల్లలు కలిపేసుకుని.

దొడ్డి కాపలావాడి దగ్గరికెళ్తే వాడు నవ్వాడు. 'బావనని ఎవడైనా చెప్తాడు. అక్కంటావా, పెళ్లయ్యాక పరాయిదే. తల్లో తండ్రో స్వయంగా వచ్చి చెయ్యి పట్టుకోవాలి' అన్నాడు. తండ్రి ఎప్పుడో పోయాడు. తల్లి ఉంది, సిమ్ ముసలమ్మ, కొండల్లో. బావ కబురంపాడు గానీ, ఆవిడ రావాలంటే నాలుగు రోజులు. ఓడేమో రేవులో పొగ వదుల్తోంది. ఇంతలో దేవుడు చల్లగా చూశాడు. మన పెద్ద అధికారీ, తెల్లవాళ్ల తరఫు కాన్సల్ దొరా కూచుని ఈ మనుషుల ఎగుమతికి కట్టుబాట్లు రాసుకోవాలనీ, ముద్రలు పడేదాకా ఏ ఓడా కదలకూడదనీ పైనుంచి హుకుం వచ్చింది. ముద్రలు పడగానే దొడ్డి తలుపులు తీసి, ఒక్కొక్కణ్ణీ 'ఇష్టపడే వెళ్తున్నావా' అని అడగాలట. అడిగితే ఏం లాభం? లోపల ముందే చితకబాది పంపేవాళ్లు, అందరూ 'ఇష్టమే' అనేవాళ్లు. తల్లి వస్తే తప్ప కియాత్ బయటపడడు. అంటే ఈ పెద్దమనుషులిద్దరూ నాలుగు రోజులు కూచోకుండా ఉండాలి. ఆ సమావేశానికి కుర్చీలు ఎవరివనుకున్నావ్? మరి!

మొదటిరోజే కొంప మునిగేది. మనకి ఎడమపక్క గొప్ప కదా, అధికారి ఎడమన కూచున్నాడు. వాళ్లకి కుడిపక్క గొప్పట, దొర కుడిన కూచున్నాడు. ఇద్దరూ ఎంత సంతోషంగా ఉన్నారో! కాయితాలు కూడా తెరిచారు. బావ గబగబా దొర నౌకరు దగ్గరికెళ్లి, వాడు కాంటన్ పట్నం వాడు, గర్వంతో నేల మీద నడిచేవాడు కాదు, వాడి చెవిలో 'పాపం, మీ దొరకి తక్కువ పక్క వేశారేంటన్నా, ఈ దేశంలో ఎడమే కదా గొప్ప' అన్నాడు. అంతే. వాడు వెళ్లి దొర చెవిలో ఊదాడు, దొర ఎర్రగడ్డం ఇంకా ఎర్రబడింది. నాకూ ఎడమే కావాలని లేచి నిలబడ్డాడు. ఇద్దరికీ ఎడమ ఎక్కణ్ణుంచి తెస్తారు? ఓ ముసలి గుమాస్తా, 'ఒకరు ఇటు, ఒకరు అటు తిరిగి పక్కపక్కన కూచుంటే ఇద్దరిదీ ఎడమే అవుతుంది మహాప్రభో' అన్నాడు. నిజమే తెలుసా, కావాలంటే నువ్వూ నీ పెళ్లామూ కూచుని చూడండి. కానీ మొహాలు చూసుకోకుండా ఒప్పందం ఏంటని ఆయన్ని కసిరి పంపేశారు. ఆ రోజు గడిచింది.

మర్నాడు బల్లకి అటొకరు, ఇటొకరు ఎదురెదురుగా అన్నారు. బావ తెల్లారేలోగా రంపం తీసి దొర కుర్చీకి ముందుకాళ్లు కోశాడు. ఇదిగో, ఇదే. దొర కూచుంటాడు, జర్రున ముందుకొస్తాడు, తల వంగుతుంది. వెనక్కి సర్దుకుంటాడు, మళ్లీ జర్రున వస్తాడు. మన అధికారి అది చూసి, 'అబ్బ, ఎంత మర్యాదస్తుడు, మాటమాటకీ దణ్ణం పెడుతున్నాడు' అనుకుని గడ్డం నిమురుకుంటూ తలూపుతున్నాడు. ఆ తలూపడం చూసి దొరకి తిక్కరేగింది. 'నన్ను కావాలని వంగబెట్టారు' అని కుర్చీని ఒక్క తన్ను తన్నాడు. బావ ఈ ముచ్చట చెప్పేటప్పుడల్లా లేచి జారి చూపించేవాడు. నాకు నడుం ఒప్పదు, లేకపోతే నేనూ జారేవాణ్ణి.

మూడోరోజు దొర మనుషులు వాళ్ల కుర్చీ వాళ్లే తెచ్చుకున్నారు. బావ ఏం చేశాడు? దొర ముందు ఉప్పు రేగుపళ్లు పెట్టించాడు. అవి పుల్లపుల్లగా, ఉప్పుప్పగా ఉంటాయి, చెయ్యి ఆగదు. దొర పదో పదిహేనో నమిలాడు, గొంతెండిపోయింది, ఎదురుగా ఉన్న టీ గిన్నె ఎత్తి గటగటా తాగాడు. మన కచేరీల్లో టీ గిన్నె ఎత్తారంటే ఇంక సెలవని కదా! బంట్రోతులు 'దొరగారు బయల్దేరుతున్నారహో' అని ఒక్కటే కేక. బయట ఫిరంగులు పేలినయ్, బోయీలు పల్లకీ ఎత్తారు, మన అధికారి చేతులు జోడించి గుమ్మందాకా సాగనంపాడు. దొర సగం దారిలో ఉన్నాడు, తను ఎందుకు ఇంటికెళ్తున్నాడో తనకే తెలీదు.

నాలుగోరోజుకి ఇద్దరూ విసిగిపోయి అసలు కుర్చీలే వద్దన్నారు. నిలబడే ముద్రలు గుద్దేశారు. బావ చేతులు కట్టుకుని చూస్తూ నిలబడాల్సొచ్చింది, కుర్చీ లేని చోట ఆయనేం చేస్తాడు? దొడ్డి తలుపులు తీస్తుండగా ముసలమ్మ దిగింది, కాళ్లకి మోకాళ్లదాకా బురద. రెండొందల మందిని వరసగా నిలబెట్టారు. ఆవిడ ఒక్కొక్కడి గడ్డం పట్టుకుని పైకెత్తి చూస్తూ నడిచింది. వెనకాల బావ. వరస అయిపోయింది. కియాత్ లేడు. హుకుం రావడానికి ముందురోజే ఇంకో ఓడ వెళ్లిపోయిందట, వాడు అందులో వెళ్లిపోయాడు. ఆ నాలుగు రోజులూ మా బావ ఆపింది వాడు లేని ఓడని.

ముసలమ్మ ఏడవలేదు. తిరిగి వరస పొడుగునా నడుచుకుంటూ వచ్చింది. నా దగ్గర ఆగింది. నాకప్పుడు ఇరవై ఏళ్లు. అమ్మా నాన్నా లేరు, పినతండ్రే దళారీకి అప్పగించి పోయాడు. ముందురోజు తిన్న దెబ్బలకి చెవిలోంచి నెత్తురు కారుతోంది. ఆవిడ ఆ చెవి చూసింది. చూసి, ఈ చెంప మీద, ఇదిగో ఇక్కడ, ఛెళ్లున ఒక్కటిచ్చింది. 'కియాత్! చేను కోతకొస్తే ఇక్కడ నిలబడ్డావా వెధవా!' అంది. దళారీ, 'వీడి పేరు అది కాదు' అని అరిచాడు. మన అధికారి, 'కన్నతల్లి కాకపోతే ఇంతమందిలో అంత గట్టిగా ఎవరు కొడతార్రా' అన్నాడు. ఆ ఒక్క ముక్కకి దొర కూడా ఒప్పుకున్నాడు. బావ నా మొహం అదే మొదటిసారి చూడటం. దగ్గరికొచ్చి భుజం మీద చెయ్యేసి, 'పదరా బావమరిదీ, మీ అక్క నన్ను గడప తొక్కనివ్వట్లేదు' అన్నాడు.

అక్క వాకిట్లో నన్ను చూసి చీపురు పడేసి భోరుమంది. తర్వాత లోపలికెళ్లి గంజి పెట్టింది. వెళ్లే ప్రతి ఓడమీదా అసలు కియాత్ కోసం ఉత్తరాలు పంపించాం, జవాబు లేదు. అమ్మ పన్నెండేళ్లు బతికింది. ఒక్కనాడు కూడా నువ్వు నా కొడుకువి కాదనలేదు. చేలో తిట్టింది, జ్వరమొస్తే పక్కన కూచుంది, పెళ్లి చేసింది. ఆఖర్రోజున మాత్రం అందర్నీ బయటికి పంపి, 'ఒరే, నీ అసలు పేరేంట్రా' అని అడిగింది. చెప్పా. 'మంచి పేరు. పాపం, ఇన్నాళ్లూ ఎవరూ పిలవలేదు కదరా' అని, ఆ పేరుపెట్టి మూడుసార్లు పిలిచింది. మూడుసార్లూ పలికా.

ఏం పేరంటావా? ఆవిడకి చెప్పాగా, చాల్లే. అదిగో, బళ్లొచ్చినట్టున్నాయ్. లే నాయనా, ఆ బల్లలు జాగ్రత్తగా దింపించు, మూలలు గీసుకుపోతాయ్.