ఒకే ఇంటిపేరు, ఒకే పొడి అక్షరం

సాయంత్రం, ఇన్‌స్టిట్యూట్ క్వార్టర్స్‌లో ఒక వంటిల్లు. భార్యాభర్తలిద్దరూ ఒకే శాఖలో పరిశోధకులు. ప్రమోషన్ కమిటీ ముందు కూర్చుని ఆమె ఇప్పుడే ఇంటికొచ్చింది.

“...అబ్బే, తిట్టలేదండీ. ఎంతో మర్యాదగా అన్నారు. అందుకే ఇంకా మండింది.”

“ఇంతకీ ఏమన్నారు?”

“చెప్పులు విప్పనివ్వండి.”

“విప్పుతూనే చెప్పు.”

“ ‘మేడమ్, మీ పనంతా మీవారి పేపరు మీదే ఆధారపడి ఉంది. సొంతంగా చేసిందేదీ?’ అన్నారు.”

“నా ఏ పేపరు?”

“తెలీనట్టు అడుగుతారేం! పింగాణీ పూత పేపరు. ఎంత వేడికీ బీట పడని పూత. నా థీసిస్‌లోది.”

“ఓ... అదా.”

“అదే.”

“మరి అది నీదని చెప్పకపోయావా?”

“చెప్పా. చైర్మన్ గారు స్క్రీన్ నావైపు తిప్పారు. మనిద్దరికీ ఇంటిపేరు ఒకటే, పేరుకి పొడి అక్షరమూ ఒకటే. ఎవరి పేపరుని ఎంతమంది పేర్కొన్నారో లెక్కలు కట్టే ఆ వెబ్‌సైటు నా పేపరు పట్టుకెళ్ళి మీ ఖాతాలో పడేసింది. పక్కనే మీ ఫోటో, నవ్వుతూ.”

“ఆ మెషీన్లకి బుద్ధి లేదు.”

“వాటికి లేదు సరే. రాసి సరిచేయిస్తానన్నది మీరు. బాబుకి పళ్ళొస్తున్నప్పుడు అన్నారు. ఇప్పుడు వాడు గడ్డం గీసుకుంటున్నాడు.”

“రాద్దామనే... కాఫీ పెట్టనా?”

“వద్దు.”

“పోనీ టీ?”

“ఏవండీ.”

“ఆఁ?”

“కాసేపు కూర్చోండి.”

“కూర్చున్నా. చూడు, ఎవరి పేరు మీదుంటే ఏం? మన పేపరేగా.”

“మన?”

“అంటే... అప్పుడు ఇద్దరం ఒకే ల్యాబ్‌లో...”

“మీరు పక్క గదిలో ఉక్కు ముక్కలు రుద్దుకుంటున్నారు.”

“సరే, సరే. ఈ నెల గడవనీ. ఈసారి అవార్డుకి నా పేరు వెళ్ళింది, వాళ్ళు నా సైటేషన్లు చూస్తున్నారు. పూతల మీద ఎవరు రాసినా ఆ పేపరు పేరెత్తకుండా రాయరు కదా. నా లెక్కలో సగం పైన అదే. ఇప్పుడు తీయిస్తే ఏం బాగుంటుంది? అవార్డు రాగానే నేనే రాస్తా. నీ మీదొట్టు.”

“నా మీద వద్దు లెండి. అసలే నీరసంగా ఉన్నా.”

“కోపమొచ్చిందా?”

“కోపం తెచ్చుకోడానికీ ఓపికుండాలి. ఇంకో సంగతుంది.”

“ఏంటది?”

“కొత్త ఫర్నేస్‌లో ఆ పూత మళ్ళీ చేసి చూశాం, నేనూ, నా స్టూడెంటు అమ్మాయీ. బీటలు వారింది.”

“సరిగ్గా చేసి ఉండరు.”

“చేసి చేసి విసుగొచ్చింది. చివరికి స్టోర్‌రూమ్‌లోంచి పాత ఫర్నేస్ లాగించా. దాని మీటరు, ఉన్న వేడి కంటే చాలా ఎక్కువ చూపిస్తోంది. అప్పుడూ అంతే చూపించి ఉంటుంది. పూత అంత వేడిని తట్టుకోవడం కాదు, అంత వేడి అసలు చూడనే లేదు.”

“అయ్యబాబోయ్.”

“ఆ పిల్ల ఏడ్చేసింది. నాకు ఏడుపు కూడా రాలేదు.”

“ఎవరికైనా చెప్పావా?”

“జర్నల్‌కి రాశా. పేపరు తప్పు, వెనక్కి తీసుకోండి అని.”

“ఎప్పుడు?”

“పొద్దున. కమిటీకి వెళ్ళేముందు.”

“పొద్దునా! నాతో ఒక్క మాట...”

“మీరు అద్దం ముందు టై కట్టుకుంటున్నారు.”

“ఆపించు. ఒక్క నెల. ఒక్క నెల ఆగమను!”

“ఎలా ఆగమంటారు? ఆ పూతని నమ్మి ఎవరెక్కడ ఇంజన్లు చేస్తున్నారో. నాకు నిద్ర పట్టట్లేదు.”

“ఏ పేరుతో రాశావ్?”

“పేపరు మీదున్న పేరుతోనే. పొడి అక్షరం, ఇంటిపేరు.”

“అంటే... అంటే తప్పు నేను చేశాననుకుంటారు!”

“అనుకుంటారేమో. మీ ఖాతాలోనే ఉందిగా.”

“నాకేం సంబంధం? ఆ ఫర్నేస్ నేను ముట్టుకోనైనా లేదు! ఎవర్ని అడిగినా చెప్తారు, అది నీ పేపరు!”