తొమ్మిది రోజుల ఫోటోలు

రెండేళ్ల తర్వాత కువైట్ నుంచి ఇంటికొస్తున్న ఆమె, కారు కొత్తపేట దాటినా ఫోనులో పాప ఫోటోలే చూస్తోంది. పక్కనే భర్త.

"రోజూ పాప ఫోటో పంపేవారు కదండీ. శ్రావణంలో తొమ్మిది రోజులు ఒక్కటీ లేదేం?"

"ఫోను పాడైపోయిందే."

"ఆ రోజుల్లో ఫోను చేసి మాట్లాడేరుగా?"

అతను కొబ్బరితోటల వైపు చూపు తిప్పుకున్నాడు. ఆమె ఫోను పక్కన పెట్టేసింది.

"తీసేరు, పంపలేదు. అంతేనా? ఆ ఫోటోల్లో ఆడమనిషి ఎవరన్నా ఉందాండీ?"

"ఉంది. మా వదిన."

"అక్కయ్యగారైతే నా దగ్గర దాచడమెందుకండీ?"

"పాపకి జ్వరమొచ్చింది. నువ్వు కంగారు పడతావని చెప్పలేదు. అన్ని రోజులూ వదిన చంక దిగలేదు. ఆవిణ్ణే 'అమ్మా' అని పిలిచింది. ఆ ఫోటోలు నీకెలా పంపను?"

"మరిప్పుడు ఏమని పిలుస్తోందండీ?"

కారు ఇంటి ముందు ఆగింది. తోడికోడలు పాపనెత్తుకుని ఎదురొచ్చింది.

"అదిగో, అమ్మొచ్చిందమ్మా. వెళ్లు."

పాప తోడికోడలి మెడ వాటేసుకుని, మొహం దాచేసుకుంది. వీడియో తీద్దామని అతను అప్పటికే ఫోను పైకెత్తాడు.

"తియ్యకండీ," అంది ఆమె, కళ్లు తుడుచుకుంటూ. "పెద్దయ్యాక చూసుకుని బాధపడుతుంది."